చెత్త చాలని ఫ్యాక్టరీ

పాడైన వస్తువును బాగు చేయించుకోవడం సమాజద్రోహం! ఆవేశపడకండి, సాంతం చదవండి.

మా వీధి చివరి పాత గోదాములో ఓ గ్రీన్ ఫ్యాక్టరీ వెలిసింది. పొగ లేదు, కంపు లేదు. విరిగిన ప్లాస్టిక్ సామాన్లు ఈ వైపు వేస్తే ఆ వైపు నుంచి ఫుట్‌పాత్ టైల్స్ వస్తాయి. ఊరి చెత్త ఊళ్లోనే సరుకైపోతుంది. ఇంకేం కావాలండీ?

చెత్త కావాలి! కొన్నాళ్లకే మా వీధి అద్దంలా తయారై, మిషన్ పస్తులుండే గతి పట్టింది. మేనేజరు గడప గడపకూ తిరిగి, మీరంతా ఇంత పొదుపుగా బతికితే పర్యావరణం ఏమైపోవాలని వాపోయాడు. పాపం, ఏడవడమొక్కటే తక్కువ.

మేమా, మనసున్న మనుషులం. పక్కింటి లెక్కల మాస్టారు నిక్షేపంలాంటి బకెట్టు పట్టుకెళ్లి వేసొచ్చారు. ఎదురింటి డాక్టరమ్మ కొత్త కుర్చీలు ఆర్డరిచ్చి నేరుగా ఫ్యాక్టరీకే పంపించింది, మధ్యలో ఇంటికి రావడమెందుకు దండగని! టైల్స్ కుప్పలు పడ్డాయి. ఉన్న ఫుట్‌పాత్ ఒక్కటే కనుక, వేసినవే పీకి మళ్లీ వేస్తున్నారు. పీకేటప్పుడు విరిగినవి తిరిగి మిషన్లోకి. దీన్నే సర్క్యులర్ ఎకానమీ అంటారట. గుండ్రంగా తిరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం, ఎందుకని అడగకూడదు.

ఇంతటి మహాకార్యానికి అడ్డుపడింది ఎవరో కాదు, మా అక్క మొగుడు. ఫ్యాక్టరీ గోడ పక్కనే మా బావ రిపేరు షాపు. ఫ్యాన్లు, మిక్సీలు, రేడియోలు, ఏది తెచ్చినా బాగు చేసి పంపేస్తాడు. ఫ్యాక్టరీ నోటికాడి కూడు లాగేసినట్టే కదా! వీధి కమిటీ అత్యవసరంగా సమావేశమై, చెత్త పుట్టనివ్వని నేరానికి షాపు ఖాళీ చేయించి, ఆ గదిని టైల్స్ దాచుకోమని ఫ్యాక్టరీకే ఇచ్చేసింది.

ఫ్యాక్టరీ మాత్రం బావను రోడ్డున పడేయలేదు. గ్రీన్ జాబ్ ఇచ్చింది. ఆకుపచ్చ టోపీ, మెడలో కార్డు, చేతిలో సుత్తి. వచ్చిన సామాన్లను మిషన్లో పట్టేలా పగలగొట్టడం పని. మొదటి రోజు ఇంటికొచ్చి కంచం ముందు ఊరికే కూర్చుండిపోయాడు. ఏమైందని అక్క అడిగింది.

"టేబుల్ ఫ్యానొకటి వచ్చింది. లోపల వైరు ఊడిందంతే. నా చేత్తోనే పగలగొట్టాను."

వ్యంగ్యం రాసుకు బతికేవాణ్ణే గానీ, ఆ పూట నాకూ ముద్ద దిగలేదు.

అయితే మా బావ ఊరుకునే రకమా? ఇప్పుడు సాయంత్రమైతే అక్క వంటింట్లో రహస్యంగా రిపేర్లు సాగుతున్నాయి. దుప్పట్లో చుట్టిన సామాన్లతో వీధి వీధంతా పెరటి గుమ్మం దగ్గర క్యూ కడుతోంది. ఈ పర్యావరణ ద్రోహాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను!

నిన్న ఆ క్యూలోకి సాక్షాత్తూ మేనేజరు భార్యే మిక్సీతో వచ్చింది.

"పారేయబుద్ధి కాలేదు అన్నయ్యగారూ. మా ఆయనకి మాత్రం తెలియనివ్వకండి," అంది గొంతు తగ్గించి.

బావ తల గోక్కుంటూ గోడవారగా ఉన్న బల్ల చూపించాడు. ఆమెకన్నా ముందే వచ్చిన మేనేజరు, పాత రేడియో ఒళ్లో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు.

బావ షాపు తాళంచెవి మాత్రం ఇంకా ఆ మేనేజరు జేబులోనే ఉంది.