దరఖాస్తు పెట్టాం, కిటికీ ముట్టుకోకండి

ఇంటి మరమ్మతుల బెడద శాశ్వతంగా వదలాలంటే నేనొక మార్గం చెబుతాను. మరమ్మతుల కోసం ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకి దరఖాస్తు పెట్టండి! నవ్వకండి. మూడు చలికాలాల అనుభవంతో చెబుతున్నాను.

చలి చొరబడకుండా గోడలు, కిటికీలు బాగుచేయిస్తాం, మేడ మీద సోలార్ పలకలు పెట్టిస్తాం, ఖర్చులో చాలావరకు మాదే అన్న ప్రకటన చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని, సూర్యుణ్ణి వదులుతానా? షరతు ఒక్కటే. సర్వేయరు వచ్చి చూసి వెళ్లేదాకా ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే గ్రాంటు గల్లంతు.

ఆహా, ఎంత హాయైన షరతు! "ఏవండీ, అమ్మ గదిలో కిటికీ అద్దం పగిలి గాలి కొడుతోంది, అద్దాలాయన్ని పిలవండి" అని మా ఆవిడ అంటే, "పథకంలో ఉన్నాం, ముట్టుకోకూడదు" అనేవాణ్ణి. కుళాయి కారుతోందా? పథకం. తలుపు బిగుసుకుపోయిందా? పథకం. కుర్చీ కాలు విరిగినా అదే చెప్పాను. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో ఇంతటి ప్రశాంతత నాకు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

ఇక విజ్ఞానమంటారా? మా అమ్మాయి ఏ క్లాసని అడిగితే వేళ్లు లెక్కపెట్టుకోవాలి కానీ, మా ఇల్లు దక్షిణానికి ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో ఠక్కున చెబుతాను. పలకల మీద నీడ పడకూడదని మేడ మీద మా ఆవిడ పెంచుకున్న పూలకుండీలన్నీ దింపించేశాను. పలకలు రాలేదు, పూలు పోయాయి. అయితేనేం, నీడ లేదు కదా!

దరఖాస్తు తొమ్మిదిసార్లు తిరిగొచ్చింది. ఫొటోలో ఇల్లు వంకరగా ఉందని ఒకసారి, సంతకం వంకరగా ఉందని ఇంకోసారి. వెళ్లినప్పుడల్లా మూడేసి కాపీలు. ఇల్లంతా కాగితాలే.

పగిలిన కిటికీ గది మా అత్తగారిది. బట్టలు కుట్టి కూతుర్ని చదివించిన మనిషి. అల్లుడింట్లో ఉంటున్నానని మహా మొహమాటం. ఎప్పుడడిగినా చెవులమీదుగా శాలువా బిగించుకుంటూ "చలేం లేదు బాబూ, నాకు గాలాడాలి" అనేవారు. నేను వెంటనే నమ్మేసేవాణ్ణి. నమ్మితే లేవక్కర్లేదు కదా!

మొన్న ఎట్టకేలకు సర్వేయరు దిగాడు. గాలి ఎక్కడ దూరుతోందో పట్టే పరికరం తెచ్చాడు. "చూడండి సార్, లోపల తుఫానే!" అంటూ గర్వంగా అత్తగారి గదిలోకి తీసుకెళ్లాను. పరికరం కిమ్మనలేదు.

ఆయన కర్టెన్ పక్కకు లాగాడు. వెనకాల బొంత! పాత దుప్పటి పొరల మధ్య కాగితాలు పేర్చి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, కిటికీ చుట్టూ మేకులతో బిగించి ఉంది. ఓ మూల చిరుగులోంచి నా వంకర సంతకం తొంగి చూస్తోంది. అవి నా కాపీలే. కాగితాలు తిరిగొచ్చినప్పుడల్లా అత్తగారు ఇంకో పొర వేశారట.

"మా కాంట్రాక్టర్లకి కూడా ఇంత నీట్‌గా చేతకాదండీ!" అని మెచ్చుకుంటూనే సర్వేయరు ఫారంలో రాశాడు: అనుమతికి ముందే పని జరిగింది, అనర్హులు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పీలు చేస్తానన్నాను! కానీ దేనితో? కాపీలన్నీ కిటికీకే ఉన్నాయి.

అంతలో అత్తగారు కత్తెర పట్టుకొచ్చారు. "విప్పి ఇవ్వమంటారా బాబూ? ఇంకో నెల ఓర్చుకుంటే చలి ఎలాగూ తగ్గిపోతుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. కత్తెర లాక్కుని, అద్దాలాయన్ని పిలిచాను. కొలత తీసి, అద్దం కోసి, బిగించి, చేతులు దులుపుకునేసరికి ఇరవై నిమిషాలు. "ఇంత చిన్న పనికి ఇన్నాళ్లెందుకు ఆగారు సార్?" అన్నాడు. పథకం అనబోయి, జేబులోంచి డబ్బు తీసిచ్చాను.

పాఠకులారా, ప్రభుత్వాన్ని నాలుగు తిట్టి ముగిద్దామనే కూర్చున్నాను. ఇల్లు బాగుపడాలంటే ముందు బాగుచేసుకోకూడదన్న షరతు కనిపెట్టిన మహానుభావుడికి ఓ దండం. కానీ నాలాంటి బద్ధకస్తుడు దొరకబట్టే కదా అది అంత బ్రహ్మాండంగా పనిచేసింది! పూలకుండీలు మళ్లీ మేడెక్కాయి. మోసింది నేనే.

సాయంత్రం అత్తగారిని అడిగాను, గది ఎలా ఉందని.

"ఇప్పుడు వెచ్చగా ఉంది బాబూ," అన్నారు.

మూడు చలికాలాలుగా చలే లేదన్న మనిషి.