మా ఊరి విదేశాంగ విధానం

సముద్రాలకి అవతల రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైన సంగతి మా ఊళ్ళో మొదట పట్టించుకున్న మనిషి వీరమ్మ ఒక్కతే. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరపకోతలకి పోయే కూలీ మనిషి ఆమె. కూతురు జెస్సీ ఆ దేశాల్లో ఒకదానిలో నర్సు. ఆసుపత్రి పక్క వీధిలో బాంబు పడింది. విమానాశ్రయం మూసేశారు. జెస్సీ రోజూ ఫోన్ చేసి "బానే ఉన్నానమ్మా" అనేది. బాగున్నవాళ్ళు నేలమాళిగలో ఎందుకు పడుకుంటారో వీరమ్మకి బోధపడలేదు.

ఆమె చర్చి బడిలో రిటైరైన ప్రేమదాసు మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"యుద్ధం ఆపమని ఎవర్ని అడగాలండీ?"

"గవర్నమెంటునమ్మా."

"అయితే రాయండి."

మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశారు. మండల కార్యాలయంవారు పదకొండు రోజులు శ్రమించి జవాబిచ్చారు: "తాము పేర్కొన్న యుద్ధము ఈ మండల పరిధిలో జరుగుచున్నట్లు రికార్డులలో కనబడనందున అర్జీ ముగించడమైనది."

దాంతో ఇద్దరూ బస్టాపు రేకుల కింద కూర్చున్నారు. ముందు ఒక అట్టముక్క: "యుద్ధం ఆపండి. మా పిల్లని తీసుకురండి." ఎస్సై వాసిం గారు వచ్చారు. మర్యాదస్థుడు.

"ఏ దేశానికి వ్యతిరేకంగా కూర్చున్నారో చెప్పండమ్మా, రాసుకుంటాను."

"ఏ దేశం మీదా కాదు బాబూ, బాంబుల మీద."

ఫారంలో అలాంటి గడి లేదు. ఆయన కాసేపు ఆలోచించి "ఇతరములు" అని రాసుకుని వెళ్ళిపోయారు.

ఇంతలో ఆ వైపు రేవులు మూతపడ్డాయి. ఓడలు ఆగిపోయాయి. మా మిరప బస్తాలు, అదే మా టిక్కీలు, కోల్డ్ స్టోరేజీలో గుట్టలుపడ్డాయి, ధర పడిపోయింది. సరిగ్గా ఆ వారమే మా ఊరి అంతరాత్మ మేలుకొంది. కోల్డ్ స్టోరేజీ యజమాని రామకాంత్ గారు స్వయంగా షామియానా వేయించారు.

"యుద్ధం మానవజాతికే మచ్చ!" అన్నారాయన మైకులో. "ఒక్క ప్రాణమైనా, ఒక్క టిక్కీ అయినా పోవడానికి వీల్లేదు!" జనం ప్రాణం దగ్గర ఆలోచించి, టిక్కీ దగ్గర చప్పట్లు కొట్టారు.

శాంతి ఉద్యమం ఊపందుకుంది. ట్రాక్టర్లకి తెల్లజెండాలు కట్టారు. మిరపకాయల దండలతో పావురాలను ఎగరేయబోయారు, పావురాలు తుమ్మాయి. పెద్దలకి కుర్చీలు కావాలి గనుక వీరమ్మని ఐదో వరసలోకి జరిపారు. అట్టముక్క స్థానంలో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. నాయకుల ఫోటోలన్నీ పట్టాక "మా పిల్లని తీసుకురండి" అన్న ముక్కకి చోటు చాల్లేదు.

ఉద్యమాలు విదేశాంగ విధానాన్ని మారుస్తాయా అని సందేహించేవారు ఈ వరస గమనించగలరు. మేము కూర్చోక ముందు ఢిల్లీ "పరిస్థితిని గమనిస్తోంది." ఐదో రోజుకి "ఆందోళన చెందింది." మేము హైవే మీద అడ్డంగా కూర్చున్నాక అది "తీవ్ర ఆందోళన" అయింది. ఆ వారమే మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక ప్రకటించారు. మర్నాడు ప్రత్యేక దూత విమానమెక్కాడు.

పది రోజుల చర్చలు ఫలించాయి. పదిహేను రోజులకొకసారి ఆరు గంటలు బాంబులాపి, మా మిరప ఓడకి దారి వదలడానికి శత్రువులిద్దరూ ఒప్పుకున్నారు. ఇరుపక్షాల సైనికులూ కారం లేకుండా ముద్ద ఎత్తరని అప్పుడే తెలిసింది. ఊరంతా టపాసులు కాల్చాం. బాంబులని భ్రమపడి కుక్కలు ప్రత్తి చేలలోకి పారిపోయాయి.

సన్మానానికి వచ్చిన ఢిల్లీ అధికారిని వీరమ్మ ఆపింది.

"ఆ ఓడ తిరిగొచ్చేప్పుడు మా జెస్సీ ఎక్కొచ్చాండీ?"

"ఒప్పందంలో 'సరుకు' అని ఉందమ్మా," అన్నాడాయన ఓపిగ్గా. "మనుషుల్ని చేర్చామనుకోండి, చర్చలు మళ్ళీ మొదటికొస్తాయి."

ఓడ నిండుగా వెళ్ళింది. ఖాళీగా వచ్చింది. యాత్ర సంపూర్ణ విజయమని ప్రకటించారు.

షామియానా పీకేశారు. మిగతా మిరప దేశాలకి అలాంటి ఒప్పందం లేనందున మా కాయకి ఎన్నడూ లేనంత ధర పలికింది. వీరమ్మ, మాస్టారు మళ్ళీ బస్టాపులో కూర్చున్నారు. ఈసారి రామకాంత్ గారు కారు ఆపి దిగారు.

"ఏంది వీరమ్మా, ఇంకా యుద్ధం ఆపాలంటావు? రెండో కోత అమ్ముడయ్యేదాకా ఆగలేవా?"

"రెండో కోతంటే నాకు తెలుసు బాబూ, నేనేగా కోసింది," అంది వీరమ్మ. "ఆ బాంబుకేం తెలుసు?"

ఆయన కారెక్కి అద్దం పైకెత్తుకుని వెళ్ళిపోయారు. జెస్సీ ఫోన్ రాక అప్పటికి నాలుగో రోజు. వీరమ్మ ఫోన్‌ని కొంగులో చుట్టి చెవి దగ్గరే పెట్టుకుంది. మాస్టారు ఆమె పక్కనే చాప సర్దుకుని కూర్చున్నారు.

మనిషి కూర్చుంటే ప్రభుత్వం లేస్తుందని మాకు అనుభవమే గనుక ఊరు ఊరంతా భయపడింది. మొన్న పంచాయతీ ఆఫీసులో సమావేశమై ఏకగ్రీవంగా అర్జీ తయారుచేశాం: "సదరు వీరమ్మ దీక్ష వలన అకాల శాంతి సంభవించు ప్రమాదమున్నందున ఆమెను తక్షణమే అచ్చట నుండి లేపించవలెనని ప్రార్థన."

సంతకాలు జరుగుతున్నాయి. పదిహేడోది నాది, నా టిక్కీలు ఇంకా లోపలే ఉన్నాయి మరి. పద్దెనిమిదో గీత ఖాళీగా ఉంది. మీరూ మాలాంటివారే కదా, ఇదుగో పెన్ను.