మందం లేని గీత

ఆ ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ వేసుకున్న పథకం చిన్నదే. ఇంటి పటాన్ని ఫొటో ఫైలుగా మార్చి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పంపడం, అన్నతో కలిసి వెళ్ళి సంతకం పెట్టడం, మధ్యాహ్నానికల్లా తండ్రి కట్టిన ఇంట్లో సగానికి సొంతదారు కావడం. నలుగురి ఇళ్ళకూ పటాలు గీస్తూనే నడివయసుకొచ్చాడు గానీ, తన పేర ఒక్క గదైనా లేదు. ఆ బాధ అతనికి కొంత ఉంది, అతని భార్యకు చాలా ఉంది.

వాటాల దగ్గర అన్నదమ్ములకు వచ్చిన పేచీ ఒక్కటే. మధ్యలో కట్టబోయే గోడ మందం ఎవరి వాటాలోంచి పోవాలి? "పెద్దవాణ్ణి, నేనెందుకు వదులుకోవాలి?" అన్నాడు అన్న. "చిన్నవాణ్ణి, నన్నే తగ్గమంటే ఎలా?" అన్నాడు తమ్ముడు. ఒకే గుమ్మంలోంచి వస్తూ పోతూ ఏడాది పాటు మొహాలు చూసుకోలేదు. చివరికి డ్రాఫ్ట్స్‌మన్ తన విద్యంతా ఉపయోగించి, మందం సున్నా అని పెట్టి ఒక గీత గీశాడు. అలాంటి గీత కంప్యూటర్ తెర మీద ఎప్పుడు చూసినా ఒకే ఒక్క చుక్క వెడల్పున కనిపిస్తుంది, ఎవరి జాగా తినదు. అన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూసి ఒప్పుకున్నాడు. దస్తావేజు లేఖరి కూడా "పటంలోని గీతకు కుడివైపుది తమ్ముడికి, మిగిలినదంతా అన్నకు" అని రాసేశాడు.

ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫైళ్ళు మార్చిపెట్టే సైటు తెరిస్తే, నాణ్యత ఎంత కావాలని అడిగింది.

"మామూలుది చాల్లే" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"ఊళ్ళోవాళ్ళ పనికి కళ్ళు పోగొట్టుకుంటారు, సొంత పనికి మామూలుదా? అన్నిటికన్నా పైది పెట్టండి. రేపు మీ వదిన అంగుళం తేడా ఉందంటే నేను పడలేను" అంది భార్య.

పైది పెట్టాడు. సైటు చాలాసేపు మూలిగి ఒక ఫైలు ఇచ్చింది. తెరవబోతే కంప్యూటర్ బిగుసుకుపోయింది. "అంత బరువుందంటే అన్నీ ఉన్నట్టే" అని భార్య తేల్చేసింది. అతను చూడకుండానే పంపేశాడు.

ఆఫీసులో పటం ప్రింటయి వచ్చింది. గోడలున్నాయి, కిటికీలున్నాయి, పెరట్లో కుళాయి కూడా ఉంది. మధ్య గీత లేదు. డ్రాఫ్ట్స్‌మన్‌కు సంగతి వెంటనే తట్టింది. మందం లేని గీతకు దక్కేది ఒక్క చుక్కే. నాణ్యత పెంచినకొద్దీ ఆ చుక్క చిన్నదవుతుంది. అంత పైకి పెంచేసరికి గీత వెంట్రుక కన్నా సన్నబడి ప్రింటర్‌కు ఆనలేదు. ఈ ముక్క చెబుదామని నోరు తెరిచేలోగా అన్న ఆ కాగితం అందుకున్నాడు.

"గీత తీసేశావా?" అన్నాడు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"అది కాదన్నయ్యా..."

"నువ్వేం చెప్పొద్దు. నీకున్న బుద్ధి నాకు లేకపోయిందిరా" అని అందరి ముందూ కావలించుకున్నాడు.

లేఖరి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇలాంటప్పుడు గీతను మింగింది సైటు గానీ నేను కాదని చెప్పడానికి ఎంత గుండె కావాలి? డ్రాఫ్ట్స్‌మన్‌కు అంత లేదు. పైగా అన్న చెయ్యి వీపు మీద పడేసరికి, నిజంగానే ఆ గీత అక్కర్లేదనిపించింది. అంత సంతోషం అతనికి చాలా కాలంగా లేదు. ఇద్దరూ ఏడుస్తూనే సంతకాలు పెట్టారు.

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు. "గీత లేదు, గోడా లేదు. ఇక అందరం కలిసే ఉంటాం" అన్నాడు.

"మంచిదే. గీతే లేకపోతే దానికి కుడివైపు ఏది?" అంది భార్య.

అతను ఉన్నపళాన ఇంటికి పరుగెత్తాడు. అన్న కన్నీళ్ళలో కల్తీ లేదు, దారి పొడవునా కారాయి. ఇంట్లో వదిన దస్తావేజులో "మిగిలినదంతా అన్నకు" అన్న ముక్క రెండుసార్లు చదివి వినిపించాక ఆరాయి.

"పొరపాటు జరిగిందన్నయ్యా, మళ్ళీ రాయిద్దాం" అన్నాడు తమ్ముడు.

"పొరపాటేంటిరా? మనసు మారి తీశావనే కదా అంతమందిలో ఏడ్చాను. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?"

డ్రాఫ్ట్స్‌మన్ కంప్యూటర్ ముందు కూర్చుని నానా తంటాలు పడి ఆ ఫైలు తెరిచాడు. బాగా దగ్గరికి లాగి చూపించాడు. "ఇదిగో వదినా, చూడు. గీత ఉంది."

వదిన వంగి శ్రద్ధగా చూసింది. "ఉంది, కాదనను. దానికి కుడివైపున కాపురం పెట్టుకో, ఆ కంప్యూటర్లోనే" అంది.

ఇప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ తాను పుట్టిన గదికి అద్దె కడుతున్నాడు. తోడబుట్టినవాడు కదా అని అన్న అడ్వాన్సు మాత్రం అడగలేదు.