కుంకుడు రసం చాలా సింపుల్!

మగవాడు తలస్నానం గురించి ఆలోచించడం మొదలుపెట్టాడంటే ఆ ఇంటికి మహర్దశ పట్టినట్టే!

నమ్మరా? మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, కిరాణా వ్యాపారం చేసే లక్ష్మీనర్సయ్య ఇంటికి ఆ దశ ఎలా పట్టిందో వినండి. విన్నాక మీరు కూడా మీ ఇంటాయన చేతికి ఫోనిచ్చి, వీడియోలు చూడమని బతిమాలుకుంటారు.

లక్ష్మీనర్సయ్యకు ఒక్కడే కొడుకు, శ్రీనివాస్. ముప్పై నాలుగేళ్లు. షాపులో గల్లా దగ్గర కూర్చుంటాడు. గిరాకీ లేనప్పుడు ఫోన్ చూస్తాడు. ఫోన్ చూసేటప్పుడు గిరాకీని చూడడు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ ఫోన్లో ఒక గడ్డపాయన ప్రత్యక్షమై, మీ బాత్రూంలో ఒక హంతకుడు దాక్కున్నాడని చెప్పాడు. శ్రీనివాస్ ఉలిక్కిపడ్డాడు. ఆ హంతకుడి పేరు షాంపూ. వాడికి తోడు ఫేస్‌వాష్ అని ఒక తమ్ముడు కూడా ఉన్నాడట!

అంతే. సాయంత్రానికల్లా బాత్రూంలోని బుడ్లన్నీ హాల్లో వరుసగా నిలబడ్డాయి. శ్రీనివాస్ ఒక్కోదాన్ని తిప్పి, వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదివాడు.

"ఇగో, గీ పేరు చూడుండ్రి! నోరు తిరుగుతాందా? నోరు తిరగనిది నెత్తికెట్ల పెట్టుకుంటరు?"

అతని భార్య వర్షిణి ప్రైవేటు బడిలో సైన్సు టీచర్. "ఉప్పును మేం సోడియం క్లోరైడ్ అంటం. రేపటి సంది పప్పుల ఉప్పు బంద్ చెయ్యాల్నా?" అని అడిగింది.

విప్లవకారులు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పరు. శ్రీనివాస్ బుడ్లన్నిటినీ గోనెసంచిలో వేసి మూతి కట్టాడు.

లక్ష్మీనర్సయ్యకు మాత్రం ఒక వ్యాపార సందేహం వచ్చింది. "మరి షాపుల దండలు దండలు యేలాడుతున్న పాకిట్ల సంగతేందిరా? అవి గూడ పారేద్దామా?"

"షాపు వేరు, ఇల్లు వేరు నాయినా!"

చూశారా, ఎంత స్పష్టమైన ఆలోచనో! ఊరి నెత్తి సంగతి ఊరు చూసుకుంటుంది. మన నెత్తి సంగతి మనం చూసుకోవాలి.

"ఇగ మనింట్ల నెత్తికి కుంకుడుకాయ, మొఖానికి పెసరపిండి. గంతే! చాలా సింపుల్!" అని శ్రీనివాస్ తీర్మానం చేశాడు.

ఆ 'సింపుల్' అన్న మాట వంటింట్లో ఉన్న అతని తల్లి కమలమ్మ చెవిన పడింది. ఆమె కుడి మణికట్టు దానంతటదే ఒకసారి కలుక్కుమంది.

మణికట్టుకు జ్ఞాపకశక్తి ఎక్కువ మరి. పద్దెనిమిదో ఏట కమలమ్మ కోడలిగా వచ్చేసరికి ఈ ఇంట్లో పదకొండు తలలున్నాయి. పదకొండు మంది మనుషులు అనాలేమో గానీ, ఆదివారం వస్తే ఆమెకు మనుషులు కనిపించేవాళ్లు కాదు. తలలే కనిపించేవి. చీకటితోనే లేచి కాయలు రాతితో కొట్టాలి. గింజలు ఏరాలి. వేడినీళ్లలో నానేయాలి. నురగ వచ్చేదాకా పిసకాలి. పాత ధోవతి ముక్కలో వడగట్టాలి. తర్వాత ఒక్కో తలా వంచి పొయ్యాలి, కళ్లు మండుతున్నాయని అరిచినవాళ్ల నోట్లో ఉప్పుగల్లు వెయ్యాలి. చివరికి తన తల దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో పిప్పి మిగిలేది.

కొన్నేళ్లకు షాపులోకి షాంపూ పాకిట్ల దండ మొదటిసారి వచ్చింది. కమలమ్మ ఎవరినీ అడగలేదు, తలకొకటి తెంపుకుంది. ఆ ఆదివారం ఎనిమిదింటికే పని తెమిలిపోయింది. ఏం చేయాలో తోచక గోడకానుకుని కూర్చుని, ఆదివారం అంటే ఎలా ఉంటుందో చూసింది.

ఇప్పుడామెకు యాభై ఏడు. ఈ మధ్యే ఆదివారం పొద్దుటికి ఒక మంచి పని దొరికింది. వర్షిణి బడి గ్రౌండ్‌లో అత్తకు స్కూటీ నేర్పుతోంది! లెర్నింగ్ లైసెన్స్ కూడా చేతికొచ్చింది. కమలమ్మ చెల్లెలు భాగ్యను గార్ల ఊరికిచ్చారు. ఆమెను చూడాలంటే భర్తకో కొడుకుకో తీరిక దొరకాలి. వాళ్లకు తీరిక దొరికేసరికి భాగ్యకు జ్వరం రెండుసార్లు వచ్చిపోతుంది. ఒక్కసారి ఎవరినీ అడగకుండా, తన బండి మీద తాను చెల్లెలి గుమ్మం ముందు దిగాలని కమలమ్మ కోరిక. ఇంకో రెండు ఆదివారాలు తిరిగితే కోడలు వెనక పట్టుకోవాల్సిన పని ఉండదు.

సరిగ్గా అప్పుడే విప్లవం వచ్చిపడింది.

గంగారం దిక్కు తండా నుంచి జమ్లీ అనే ఆమె అడవిలో ఏరిన కుంకుడుకాయలు, శీకాయ తెచ్చి లక్ష్మీనర్సయ్య షాపుకు వేస్తుంటుంది. గురువారం కమలమ్మ ఆమెను ఇంటికి పిలిచి నిండు బస్తా దింపమంది.

"ఏంది సేటమ్మా, గిన్ని కాయలు? ఇంట్ల పెండ్లా?"

"పెండ్లి కాదు జమ్లీ. మావోడు నాచురల్ అయిండు."

"అయ్యో! దవాఖానకు తీస్కపోయిన్రా మరి?"

కమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గాని నువ్వు నెత్తికేం పెట్టుకుంటవే?"

"నేనా? మీ షాపుల రూపాయి పాకిట్! పొద్దుగాల ఆరింటికి కూలికి పోవాలె. కాయలు కొట్టుకుంట ఎవలు కూసుంటరు సేటమ్మా?"

పాపం, జమ్లీకి ఫోన్లో గడ్డపాయన కనిపించలేదు. కనిపించి ఉంటే కూలి మానేసి ఎంత ఆరోగ్యంగా ఉండేదో!

మొదటి ఆదివారం వచ్చింది. శ్రీనివాస్ పీట మీద కూర్చుని తల ఇచ్చాడు. అంతకు ముందే తల్లి చేతులు కాయలు కొడుతుండగా, పిసుకుతుండగా, వడగడుతుండగా ఫోన్లో వీడియో తీశాడు. పెసలు మిక్సీలో వేస్తే వేడికి గుణం పోతుందని, అటక మీది విసుర్రాయి దింపించాడు. మెంతులు రోట్లోనే నూరాలన్నాడు. జిమ్‌లకు పోయి పైసలు పోసేవాళ్లు ఎంత తెలివితక్కువవాళ్లో కూడా తల్లికి వివరించాడు. ఇంట్లోనే, ఊరికే, ఇంత వ్యాయామం! కమలమ్మ అదృష్టం ఎంతమందికి పడుతుంది చెప్పండి?

'అమ్మ చేతి అమృతం' అని పేరు పెట్టి వీడియో వదిలితే మూడు వేల మంది చూశారు. అందులో కమలమ్మ మొఖం లేదు. చెమటకు జిడ్డుగా కనిపిస్తోందని శ్రీనివాస్ కత్తిరించేశాడు. చేతులు మాత్రం చక్కగా వచ్చాయి.

ఆ ఆదివారం స్కూటీ లేదు. తర్వాతి ఆదివారమూ లేదు. కమలమ్మ మణికట్టుకు గుడ్డ కట్టుకుంది.

వర్షిణికి ఒళ్లు మండింది. "కాయలు మీరు కొట్టుండ్రి. అత్తమ్మ చెయ్యి చూసిన్రా?" అని మొగుణ్ని నిలదీసింది.

"నేను కొడితె ఆ గుణం రాదు వర్షిణీ. గదంత అమ్మ చేతుల్ల ఉంటది" అన్నాడు శ్రీనివాస్, గొంతులో భక్తి ఉట్టిపడుతుండగా.

"అత్తమ్మా, మీరన్న జర గట్టిగ చెప్పుండ్రి!"

"చెప్తె ఇంటడా వాడు? ఫోన్ చెప్తెనే ఇంటడు" అంది కమలమ్మ, మణికట్టు గుడ్డ బిగించుకుంటూ.

ఆ బుధవారం శ్రీనివాస్ సంతోషంగా వచ్చి చెప్పాడు. "అమ్మా, భూపాలపల్లి చిన్నాయినోళ్లు వీడియో చూసి ఆగమాగమైతున్నరు. ఆదివారం ఆరుగురు వస్తున్నరు. అందరికి నాచురల్ తానం! జర ఎక్కువ కాయలు నానెయ్యి."

కమలమ్మ కొడుకు మొఖం వైపు ఒక క్షణం చూసింది. "మంచిది బిడ్డా" అంది.

ఆదివారం పొద్దున ఆరున్నరకు శ్రీనివాస్ లేచి వచ్చేసరికి, హాలు మధ్యలో పీట వేసి ఉంది. పీట ముందు గంపెడు కాయలు, రాయి, వేడినీళ్ల గిన్నె, వడగట్టే గుడ్డ. గుమ్మం దగ్గర తల్లి కొంగు నడుముకు దోపుకుని హెల్మెట్ పెట్టుకుంటోంది. బయట వర్షిణి స్కూటీ స్టార్ట్ చేసింది.

"గిదేందమ్మా?"

"సింపులే గద బిడ్డా. నేను పదింటికల్ల వస్త."

"నా చేతికి గుణం రాదే!"

"కొట్టంగ కొట్టంగ వస్తది. నాకు గూడ పుట్టంగనే రాలే."

స్కూటీ చప్పుడు వీధి మలుపు తిరిగింది. శ్రీనివాస్ రాయి ఎత్తాడు. మొదటి కాయ ఎగిరి సోఫా కిందికి పోయింది. రెండోది టీవీని తాకింది. మూడోది కదలకుండా బుద్ధిగా నిలబడింది గానీ, దెబ్బ బొటనవేలి మీద పడింది.

ఆ కేకకు లక్ష్మీనర్సయ్య లేచి వచ్చాడు. బనీను మీదే కూర్చుని, కొడుకు కొట్టినవాటిలో గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పావుగంటకే నడుం పట్టేసింది.

"ఏందిరా శీనూ, గిదంత మీ అమ్మ ఒక్కతే చేసేదా?"

"నన్నడుగుతవేంది నాయినా! నీకెర్క లేదా?"

లక్ష్మీనర్సయ్యకు నిజంగానే ఎరుక లేదు. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున ఆయన ఎప్పుడూ కళ్లు మూసుకునే కూర్చునేవాడు, నురగ పడకుండా.

ఎనిమిదింటికి భూపాలపల్లి తలలు ఆరూ దిగాయి. ఎదురుచూపులు, ఆకలి, తొందర! నానీ నానని కాయలను తండ్రీకొడుకులు హడావుడిగా పిసికి, వడగట్టేందుకు ఓపిక లేక ఉన్నదున్నట్టు, తమ నెత్తులతో సహా అందరి నెత్తుల మీదా కుమ్మరించారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. ఎవరి కళ్లూ పనిచేయలేదు! పిప్పి నీళ్లు పోయే మోరీకి అడ్డంపడి బాత్రూంలోని నురగ హాల్లోకి నడిచి వచ్చిందని మాత్రం పాదాలకు తెలిసింది.

అదే సమయానికి బడి గ్రౌండ్‌లో కమలమ్మ మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో వెనక పట్టుకున్న చెయ్యి లేదని గమనించింది. ఆపి, వెనక్కి తిరిగింది.

"ఎప్పుడిడిచినవే?"

"రెండో రౌండ్లనే అత్తమ్మా!"

"నడువు. వెనక ఎక్కు."

"ఎటు?"

"రోడ్డు మీదికి."

వర్షిణి వెనక కూర్చుంది. బండి గేటు దాటింది. గార్ల రోడ్డు మీద ఊరి చివరి ఇళ్లు దాటేదాకా పోయింది. ఒక లారీ హారన్ కొడితే కమలమ్మ కూడా తిరిగి హారన్ కొట్టింది. ముందు ఎవరి వీపూ అడ్డం లేకుండా రోడ్డు ఎంత వెడల్పుగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. పచ్చని మిర్చి చేల మీది గాలి మొఖానికి కొడుతుంటే, ఏ పిండీ ఏ క్రీమూ ఇవ్వని కళ ఒకటి వచ్చిందని వర్షిణి తర్వాత చెప్పింది. బండి అద్దంలో చూసిందట.

పదింటికి ఇంటి ముందు హారన్ మోగింది. వాకిట్లో ఎనిమిది మంది వరుసగా కూర్చుని ఉన్నారు. కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్కొక్కరి బుగ్గలో ఒక్కో ఉప్పుగల్లు!

"ఎవలది?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"నేనే."

"ఆటోల వచ్చినవా?"

"బండి మీద వచ్చిన."

"ఎవలు నడిపిన్రు?"

"నేనే."

ఎనిమిది మొఖాలు ఆ గొంతు వైపు తిరిగాయి. ఆ ఇంటి చరిత్రలో ఇంతటి ఘట్టం జరిగితే, చూడ్డానికి ఒక్క కన్ను కూడా తెరుచుకుని లేదు!

లక్ష్మీనర్సయ్య రెండు వేళ్లతో ఒక కంటిరెప్ప బలవంతంగా పైకెత్తాడు. నీళ్లు ధారగా కారుతున్నాయి. హెల్మెట్, హ్యాండిల్, వాటి మధ్య ఎవరో మసకగా కనిపించారు.

"ఇంకో రౌండ్ కొట్టు కమలా" అన్నాడు. "మంచిగ కనబడలే."

కమలమ్మ ఇంకో రౌండ్ కొట్టింది.

మంగళవారం శ్రీనివాస్‌కు ఇంకో వీడియో దొరికింది. అందులో ఇంకో గడ్డపాయన, షాంపూ మితంగా వాడితే ఏమీ కాదని శాస్త్రోక్తంగా నిరూపించాడు. గోనెసంచి మూతి విప్పారు. హంతకుడు తమ్ముడితో సహా నిర్దోషిగా విడుదలయ్యాడు.

"కుంకుడుకాయల తప్పేమున్నది? నెత్తికి మంచిదే" అంది కమలమ్మ మాత్రం. కావాలంటే అడగండి, ఆమె ఇప్పటికీ నెలకొకసారి కుంకుడు రసమే పోసుకుంటుంది. కాయలు కొట్టేది లక్ష్మీనర్సయ్య. ఆయనకు కూడా చేతిలో గుణం ఉందని ఈ వయసులో బయటపడింది. ఇంతటి మేలు ఇంట్లో విప్లవం లేకపోతే జరిగేదా?

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా, మీ ఇంట్లో మగవాళ్లు ప్రకృతి వైపు మళ్లితే అడ్డుపడకండి. వాళ్లు మళ్లాక, కాయలూ రాయీ కూడా వాళ్ల వైపే మళ్లించండి. ఇంకేం అక్కర్లేదు.

మొన్న అన్నం తింటూ శ్రీనివాస్ ఉన్నట్టుండి తలెత్తాడు.

"మిషన్ల పట్టిన బియ్యం తింటె షుగర్ వస్తదంట. ఇగ మనింట్ల రోట్లె దంచిన బియ్యమే…"

కమలమ్మ గరిటె కింద పెట్టింది. వర్షిణి మూలనున్న రోలు వైపు చూసింది. లక్ష్మీనర్సయ్య నమలడం ఆపి కొడుకు వైపు చూశాడు. శ్రీనివాస్ చేతిలోని ముద్ద నోటి దాకా వచ్చి, ఒక్క క్షణం గాల్లో నిలిచింది.

"…తినాలె అని ఎవడో చెప్తుండు. పనిలేనోడు!" అని, ముద్ద గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు.