ఎంత మందం కావాలండీ?

ఎండాకాలంలో నిప్పులు చెరిగే స్లాబు ఇల్లు దేవుడిచ్చిన వరమని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి! మీ ఇంట్లో ఏసీ ఉంది కాబట్టి నవ్వుతున్నారు.

మా తాండూరులో మే నెలలో డాబా మీది ట్యాంకు నల్లా తిప్పి, వచ్చే నీళ్లలో ఇంత టీపొడి వేస్తే చాలు, డికాషన్ తయారు! పొద్దున ఆరబెట్టిన వడియాలు మధ్యాహ్నానికి నూనె లేకుండానే వేగిపోతాయి. పిల్లలు సెల్‌ఫోన్ వదలడం లేదని దేశమంతా గోల కదా? మా ఇళ్లలో ఆ ఫికర్ లేదు. ఫోనే వేడెక్కి తనంతట తాను ఆరిపోతుంది. ఇక చుట్టాలంటారా, మధ్యాహ్నం దిగినవాడు నాలుగింటి బస్సు దాకా కూడా ఆగడు. ఇంతకంటే ఏం కావాలి?

ఈ వరాన్ని గుర్తించలేని అభాగ్యుడు మా పక్కింటి పాండు. బండల పాలిష్ యూనిట్‌లో మెషీన్ మీద పని. పెళ్లయి రెండేళ్లు. ఇంట్లో తనూ, భార్య రెబెక్కా, అంతే. ఏప్రిల్ రెండో వారంలో రెబెక్క సంచి సర్దుకుని మర్పల్లిలోని తల్లిగారింటికి పోయింది. జగడమేమీ కాలేదు. ఇల్లు చల్లబడ్డాక ఫోన్ చేస్తే వస్తానని చెప్పి మరీ పోయింది.

పాపం, భార్య లేని ఇల్లు పాండుకి స్లాబు కన్నా ఎక్కువ మండింది. కందిపప్పుకు పేరుమోసిన ఊళ్లో ఉండి నెల రోజులు మాడిన పప్పే తిన్నాడు. వేడి దిగకుండా ఫోమ్ పలకలు అతికించే ఇన్సులేషన్ చేయిస్తే ఇల్లు చల్లబడుతుందని ఎవరో చెబితే, ఎంత చేయించాలో లెక్కగట్టే విదేశీ వెబ్‌సైటు ఒకటి వెతికి పట్టుకున్నాడు. ఏడాదికి ఎన్ని నెలలు మంచు కురుస్తుందని అది అడిగింది. పాండు అబద్ధమాడే మనిషి కాదు. మొన్న వడగళ్లు పడిన పావుగంటను గుర్తు చేసుకుని, ఉన్నవాటిలో తక్కువదైన ‘ఒక నెల’ నొక్కాడు. ఇంటిని వెచ్చబెట్టడానికి ఏం వాడతారని అడిగింది. సూర్యుడు జాబితాలో లేడు! స్నానాల నీళ్లు కాగేది కట్టెల మీదే కాబట్టి ‘కట్టెలు’ అన్నాడు. వెబ్‌సైటు బాగా ఆలోచించి, చలికాలంలో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా చూసుకోమని జాగ్రత్త చెప్పింది.

ఇక లాభం లేదని, పని మధ్యలోనే హైదరాబాదులో ఇన్సులేషన్ వేసే కంపెనీకి ఫోన్ చేశాడు. ఎత్తినవాడు నవీన్‌కుమార్, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగి. ఇటు చూస్తే మెషీన్ల రొద.

“ఎంత మందం కావాలండీ?” అన్నాడు నవీన్‌కుమార్.

పాఠకులు ఇక్కడ కాస్త ఆగాలి. అతను అడిగింది పలక ఎన్ని అంగుళాల దళసరి ఉండాలని. మా వైపు మందం అంటే సరిపోయేంత అని. ఇద్దరి మందం అన్నం, పది మంది మందం చాయ్. పాండు క్షణం తడుముకోలేదు.

“ఇద్దరి మందం చాలు సార్.”

ఆ రొదలో నవీన్‌కుమార్ దాన్ని రెండని రాసుకున్నాడు. ఆ ఎండలకు రెండు ఏ మూలకూ సరిపోదనీ, బాగా పెంచమనీ సలహా ఇచ్చాడు.

పాండు సిగ్గుపడ్డాడు. “గిప్పుడే ఎట్ల పెంచుత సార్? ఆమె తల్లిగారింట్ల ఉంది.”

అయినా పెద్ద కంపెనీ మనిషి ఊరికే చెప్పడు కదా! అత్తామామలు భీమమ్మను, మత్తయ్యను కలిపాడు. మరదలు జ్యోతిరాణిని కలిపాడు. బామ్మర్దినీ అతని భార్యనూ, చివరికి తనకు పుట్టబోయే ఇద్దరినీ కలిపి తొమ్మిది మంది మందం పంపమన్నాడు. తొమ్మిదని వినగానే నవీన్‌కుమార్ పొంగిపోయాడు. అంత ముందుచూపున్న కస్టమర్ తన సర్వీసులో తగల్లేదన్నాడు.

వారంలో లారీ దిగింది. తొమ్మిదేసి అంగుళాల తెల్లటి ఫోమ్ పలకలు! ఉన్న ఒక్క పడకగదికి నాలుగు గోడలకూ, పైకప్పుకూ లోపలి నుంచి అతికించారు. అది ముందే ఇరుకు గది. ఇప్పుడు తలుపు సగమే తెరుచుకుంటుంది, మనిషి పక్కకు తిరిగి దూరాలి. ఫ్యాను నెత్తికి తగులుతుందని విప్పేశారు. బయటపెట్టిన డబుల్ కాట్ మళ్లీ లోపలికి పట్టక, నులక మంచం ఒకటి నిలువునా దూర్చారు. అయితేనేం? గది చల్లగా ఉంది. పాండు సంబరంగా మర్పల్లికి ఫోన్ చేశాడు.

రెబెక్క మర్నాడే బస్సు దిగింది. పక్కకు తిరిగి గదిలోకి దూరింది. గోడను వేలితో నొక్కి చూసింది. ఇక పాండు లోపలికి రావాలంటే ఆమె బయటికి రావాలి.

“సల్లగనే ఉంది,” అంది. “గని ఒక్కరి మందమే ఉంది.”

పాండు ముఖం వాడిపోయింది. పెళ్లాం కోసం చేయించిన చల్లదనంలో పెళ్లానికే చోటు లేదు! రెబెక్క చేతిలో సంచి కింద పెట్టలేదు.

“మా తాత ఇంటి కప్పుకు బండలు పరిచి, మీద మూరెడు మట్టి పోసిండు. ఎవర్ని అడగలే. అందరం అండ్లనే పండుతున్నం. నడువ్.”

పాండు ఇంటికి తాళం వేసి ఆమె వెంట బస్సెక్కాడు.

చూశారా! ఊరూరికీ చల్లని బండలు నునుపు చేసి పంపే తాండూరు వాళ్లం, మా నెత్తి మీది బండల్నీ మట్టినీ పాతకాలపువని పీకి పారేసి సిమెంటు పోసుకున్నాం. పరువు కదా మరి! ఇప్పుడు ఎంత చల్లదనం కావాలో మంచు దేశాల వాళ్లని అడుగుతున్నాం.

అయినా సరే, స్లాబు వరమేనన్న మాట మీద నేను గట్టిగా నిలబడి ఉన్నాను. నిలబడింది మాత్రం మర్పల్లిలో, మత్తయ్య గారి మట్టిమిద్దె కింద. పాండును ఒకసారి పలకరించి పోదామని వచ్చి ఇది ఆరో రోజు. ఇంకొకరి మందం జాగా ఉందని భీమమ్మ అంటోంది గానీ, దయచేసి మీరు రాకండి.