ఓబులమ్మ అంగట్లో తెల్ల హెల్మెట్

"నంద్యాలలో నేరాలు తగ్గినాయంటే కారణం పోలీసోల్లు కాదు, నేను," అన్నాడు అల్తాఫ్, గడ్డం పైకెత్తి.

గొప్ప మాట ఏది చెప్పినా అతని గడ్డం దానంతటదే పైకి లేస్తుంది. వెంట్రుకలు ఇంకా సరిగా మొలవలేదు గానీ, లేవడంలో మాత్రం ఆ గడ్డానికి మంచి అనుభవం ఉంది. మాట ఎంత గొప్పదైతే గడ్డం అంత ఎత్తుకు పోతుంది. ఒకసారి ఆకాశం వైపు చూస్తూ మాట్లాడి కాలవలో పడ్డాడు కూడా.

ఈ మాట అన్నప్పుడు అతను అద్దె స్కూటరుకు ప్లగ్గు పెడుతున్నాడు. బస్టాండు పక్క సందులో ఉంది ఆ స్టాండు. ఫోన్లో యాప్ నొక్కితే కరెంటు స్కూటరు తెరుచుకుంటుంది. ఊళ్లో పని చూసుకుని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టాలి. వాటికి ఛార్జింగు పెట్టడం అల్తాఫ్ ఉద్యోగం. నేరపరిశోధన అతని జీవితం. కంపెనీ బోర్డు కింద గోడ మీద సుద్దముక్కతో 'ఇచ్చట రహస్యములు ఛేదించబడును' అని రాసుకున్నాడు. దాని కింద ఎవరో 'పంక్చర్లు కూడానా?' అని రాసి పోయారు. ఆ రాసినవాణ్ని పట్టుకునే కేసు ఇప్పటికీ నడుస్తోంది.

పక్కన గట్టు మీద కూర్చున్న షబీనా తల ఊపింది. ఆమె అతని చిన్నాన్న కూతురు, ఇంటర్ చదువుతోంది. నలుగురిలో నోరు విప్పదు. నోరు విప్పదు కాబట్టే అల్తాఫ్ ఆమెను అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. మొదటి అసిస్టెంటు అతని తల్లి రహీమున్నీసా. ఆమె మొదటి రోజే "పో, ముందు పాలు తీసుకోని రా" అనడంతో ఉద్యోగం పోగొట్టుకుంది.

అప్పుడే దెబోరా సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. షబీనా క్లాసులోనే చదువుతుంది, ఊరు కొత్తపల్లె, ఉండేది ఇక్కడి హాస్టల్లో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల మీద ఎప్పుడూ ఉండే తెల్ల హెల్మెట్ లేదు.

"పోయింది షబీనా," అంది. "రేపే కదా ఆళ్లగడ్డలో పందెం."

ఆ పందెంలో ముందుకొచ్చిన ఇద్దరికి స్పోర్ట్స్ అకాడమీలో సీటు. దెబోరా ఏడాదిగా తెల్లారకముందే లేచి లారీల పక్కన, కుక్కల ముందర సైకిలు తొక్కుతున్నది దానికోసమే. సైకిలు హెల్మెట్ లేనివాళ్లను గీత దగ్గరికే రానివ్వరు. మోటారు సైకిలుది పెట్టుకొస్తే ఒప్పుకోరు. అంగట్లో అడిగితే తెప్పించడానికి వారం పడుతుందన్నారు. పోయినది కూడా కొత్తదేం కాదు. పీటీ టీచరు సుజాత తన పాతది ఇచ్చింది. పట్టీ తెగితే దెబోరా వాళ్లమ్మ హన్నమ్మ, చర్చి కర్టెన్లకు తెచ్చిన ఆకుపచ్చ దారంతో కుట్టి పంపింది.

అల్తాఫ్ ప్లగ్గు వదిలేశాడు. "నీ హెల్మెట్‌ను చివరిసారి ప్రాణాలతో యాడ చూసినావు?"

"ఓబులమ్మ టీ అంగడి కాడన్నా. పొద్దున చెమట పోస్తాంటే ఆడ మేకుకు తగిలించినా. వెనక్కి పోయి మొకం కడుక్కోని వచ్చేసరికి లేదు."

"గుర్తులు?"

"తెల్లది. పైన బొక్కలుంటాయి, గాలి ఆడేదానికి. గడ్డం కింద పట్టీకి మా అమ్మ ఆకుపచ్చ దారం..."

"దారాలు దర్జీలు చూస్తారు. డిటెక్టివ్‌లు అడుగుజాడలు చూస్తారు," అన్నాడు అల్తాఫ్. "షబీనా, నీకు అర్థమయిందా? నా స్కూటర్ల హెల్మెట్లు కూడా ఒకటొకటే మాయమైతాండాయి. ఇది ఒక్క హెల్మెట్ కాదు మే. దీని వెనకాల ముఠా ఉండాది. హెల్మెట్ల అంతర్జాతీయ ముఠా!" గడ్డం లేచింది. "దెబోరా, రేపు పందెం మొదలయ్యే లోపల నీ నెత్తి మీద నీ హెల్మెట్ ఉంటాది. ఇది అల్తాఫ్ మాట."

దెబోరా ఆ మాట నమ్మింది. షబీనాకు భయం వేసింది అందుకే.

*

ఇద్దరూ అద్దె స్కూటరు మీద ఆళ్లగడ్డ రోడ్డు పట్టారు. ఓబులమ్మ అంగడి నాలుగడుగులుందనగా స్కూటరు ఠక్కున ఆగిపోయింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు, "మీరు పరిధి దాటారు. దయచేసి వెనక్కి రండి," అంది.

అల్తాఫ్ చుట్టూ చూశాడు. "శత్రువులు నా బండిని హ్యాక్ చేసినారు."

"అన్నా, ఊరి పొలిమేర కదా. రోజూ ఈడనే ఆగుతాది. నువ్వే కదా వచ్చి తోసుకోని పోతావు."

"అసిస్టెంట్లు వినాల, మాట్లాడకూడదు."

ఓబులమ్మ అంగడి రేకుల పందిరి. పందిరి స్తంభానికి వరసగా అయిదారు మేకులు, మేకులకు హెల్మెట్లు. అల్తాఫ్ నేల మీద మోకాళ్లు ఆనించి, ఫోను టార్చి వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో మట్టి పరిశీలించాడు. అతను అలా ఉండగా ఒకాయన మోటారు సైకిలు ఆపి, మేకు మీది హెల్మెట్ తీసి పెట్టుకుని ఆళ్లగడ్డ వైపు వెళ్లాడు. అటు నుంచి వచ్చిన ఇంకొకాయన తన తల మీదిది తీసి మేకుకు తగిలించి, టీ కూడా తాగకుండా ఉత్త తలతో ఊళ్లోకి పోయాడు. పాపం మర్చిపోయాడేమో అనుకుంది షబీనా. పిలుద్దామనుకుంది గానీ, గొంతు పెగిలే లోపల ఆయన మలుపు తిరిగాడు.

"కొంచెం పక్కకు జరగండప్పా, ఈడ పరిశోధన జరుగుతాంది," అని మూడో ఆయనను అల్తాఫే తోశాడు. ఆయన చెయ్యి మాత్రం సాచి, ఒక హెల్మెట్ అందుకుని వెళ్లిపోయాడు.

అల్తాఫ్ లేచి ఓబులమ్మ ముందు నిలబడ్డాడు. "అవ్వా, నిజం చెప్పు. పొద్దున ఈడికి దొంగ వచ్చినాడా?"

"నా అంగట్లోకి దొంగ యాల వస్తాడప్పా?" ఓబులమ్మ గరిటె ఆపకుండా అంది. "అంగడి పెట్టిన కాడి నుంచి ఈడ గుండుసూది పోలా."

"అనుమానంగా ఎవురన్నా తిరిగినారా?"

"ఇప్పుడు నువ్వు తిరగతాండావు."

"అన్నా," షబీనా చొక్కా లాగింది, "ఆ హెల్మెట్ ఎవురన్నా తీసుకున్నారేమో అని అడుగు."

"ఛ! అదేం ప్రశ్న? దొంగను పట్టుకోవాలంటే దొంగ గురించి అడగాల." అంతలో అల్తాఫ్ కళ్లు మెరిశాయి. స్తంభం మొదట్లో గోరంత నల్ల రెగ్జిన్ ముక్క పడి ఉంది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఖాళీ చిప్స్ ప్యాకెట్లో వేసి జేబులో పెట్టుకున్నాడు. "ముఠా జెండా ముక్క," అన్నాడు గొంతు తగ్గించి.

తర్వాత ఇద్దరూ స్కూటరును ఊళ్లోకి తోసుకుంటూ పోయారు.

*

ఆదివారం పొద్దున దెబోరా, సుజాత టీచరు, సైకిలు, ముగ్గురూ ఆటోలో ముందే ఆళ్లగడ్డ చేరారు. అల్తాఫ్ చేతిలో మాత్రం చిప్స్ ప్యాకెట్ తప్ప ఇంకేం లేదు. బావ ముబారక్ మోటారు సైకిలు అడిగి తెచ్చాడు.

"పోయి ఏం చేస్తావన్నా?" అంది షబీనా.

"మాట ఇచ్చినా కదా మే," అన్నాడు. ఈసారి గడ్డం లేవలేదు. షబీనా ఇంకేం అనకుండా వెనక కూర్చుంది.

ఓబులమ్మ అంగడి ముందుకు రాగానే ఆమె చెయ్యెత్తి ఆపింది. "యోవ్ పరిశోధనా! నెత్తిన ఏమీ లేదే. ముందర పోలీసోల్లు నిలబడినారు. ఆ మేకు మీది నల్లది పెట్టుకోని పో. ఆళ్లగడ్డ బస్టాండు కాడ కూల్‌డ్రింకు అంగట్లో తగిలించు. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చి ఈడ ఎయ్యి. అందరూ చేసేదే కదా."

"ధన్యవాదాలవ్వా. చట్టాన్ని కాపాడేవాడు చట్టాన్ని గౌరవించాల," అని అల్తాఫ్ ఆ నల్లదాన్ని తలకు బిగించుకున్నాడు. పోలీసాయన ఆ నలుపు వైపు ఒకసారి చూసి, చెయ్యి ఊపి పంపించాడు. వెనక కూర్చున్న ఆడపిల్లలను ఆయన ఎన్నడూ లెక్కపెట్టడు.

బండి మంచి వేగం అందుకున్నాక షబీనాకు ఓబులమ్మ చివరి మాట తట్టింది. అందరూ చేసేదే! ఆ మేకుల మీది హెల్మెట్లు ఎవరివీ కావు. రోడ్డంతటికీ కలిపి అవే. ఇక్కడ పెట్టుకుని అక్కడ దించుతారు, అక్కడ పెట్టుకుని ఇక్కడ దించుతారు. తగిలించిన దాన్ని తీసుకోవడం దొంగతనమని ఓబులమ్మకు తోచనే తోచదు. సైకిళ్లను పోలీసులు ఆపరు కాబట్టి దెబోరాకు ఈ సంగతి తెలియదు. అద్దె స్కూటరు పొలిమేర దాటదు కాబట్టి అల్తాఫ్‌కూ తెలియదు. దెబోరా హెల్మెట్‌ను ఎవరూ ఎత్తుకుపోలేదు. అది ప్రయాణంలో ఉంది!

"అన్నా! ముఠా లేదు! హెల్మెట్ ఆళ్లగడ్డలో ఉంటాది!" అని అరిచింది. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"ఏందీ?" అన్నాడు అల్తాఫ్. గాలి హోరులో ఏమీ వినపడలేదు. "ఆకలైతాందా? శిరివెళ్లలో బోండాలు తిందాం!"

శిరివెళ్ల వచ్చింది, పోయింది. ముఖ్యమైన ఆలోచనలో పడి బోండాల కోసం కూడా ఆపలేదు.

*

ఆళ్లగడ్డలో దిగీ దిగగానే షబీనా కూల్‌డ్రింకు అంగడికి పరుగెత్తింది. అక్కడా మేకులే. నలుపు, ఎరుపు, నీలం, వాటి మధ్య అద్దె స్కూటర్ల కంపెనీ బొమ్మ ఉన్నవి మూడు. పొలిమేరలో స్కూటరు ఆగిపోతే దిగినవాళ్లు ఓబులమ్మ మేకులకు తగిలించి పోయినవి, అల్తాఫ్ 'ముఠా ఎత్తుకుపోయినవి' అవే. తెల్లది మాత్రం లేదు. తనకు తెలిసిన మనుషులను చూసినా తల దించుకునే షబీనా, ఆ అంగడాయన్ను అడిగింది. "తెల్లది, బొక్కలున్నది వచ్చిందా మామా?"

"నిన్న పొద్దున్నే వచ్చింది పాపా. కాసేపటికే ఎవురో పెట్టుకోని మళ్లా నంద్యాలకే పోయినారు."

ఊళ్లోనే ఉన్నదాని కోసం ఇంత దూరం వచ్చారు. దూరంగా మైకులో పేర్లు చదువుతున్నారు.

మైదానం దగ్గర సైకిళ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. దెబోరా మాత్రం గీతకు ఇవతల, సైకిలు హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. సుజాత టీచరు నిర్వాహకుణ్ని బతిమాలుతోంది. "రూలు రూలే మేడమ్," అంటున్నాడాయన. "రెండు నిమిషాలు చూస్తా. అంతే."

అల్తాఫ్‌ను చూడగానే దెబోరా ముఖం వెలిగింది. "దొరికిందా అన్నా?"

అల్తాఫ్ గొంతు సవరించుకున్నాడు. ఓడిపోయానని చెప్పడం అతనికి రాదు. ఎప్పుడూ అభ్యాసం చెయ్యలేదు. అందుకని వచ్చిన పద్ధతిలోనే చెప్పాడు.

"దెబోరా! శత్రువు సామాన్యుడు కాదు. నేను అడుగు వెనకాల అడుగు వేసినా. జెండా ముక్క పట్టినా. కానీ ఆ హెల్మెట్ ఇప్పుడు ఈ జిల్లాలోనే లేదు! బహుశా ఈ దేశంలోనే లేదు!"

ఇది ఇంతవరకు అతను చెప్పిన మాటలన్నిటిలోకీ గొప్పది. కాబట్టి గడ్డం ఇంతవరకు ఎన్నడూ పోనంత ఎత్తుకు లేచింది.

దెబోరా ఆ గడ్డం కిందికి చూసింది. దగ్గరికి వచ్చి ఇంకొంచెం వంగి చూసింది.

"అన్నా," అంది మెల్లగా, "నీ గడ్డం కింద మా అమ్మ కుట్టు ఉంది."

పట్టీ మీద ఆకుపచ్చ దారం. చర్చి కర్టెన్ల దారం.

అల్తాఫ్ చేతులు పైకి పోయే లోపలే షబీనా పట్టీ ఊడదీసింది. దెబోరా నల్ల రెగ్జిన్ తొడుగు పట్టి లాగింది. చర్రున చిరిగింది. లోపల బొక్కలతో తెల్లగా దెబోరా హెల్మెట్ బయటపడింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా వీళ్లు దాన్ని వెతుకుతుంటే, అది వీళ్లతోనే బండెక్కి వచ్చింది. వెనక కూర్చున్నవాళ్లకు ముందున్నవాళ్ల గడ్డం కనపడదు కదా అని షబీనా తనను తాను ఓదార్చుకుంది.

"ఇంకో అర నిమిషం!" అని నిర్వాహకుడు అరిచాడు. దెబోరా హెల్మెట్ తలకు పెట్టుకుని, ఒక్క ఉరుకులో గీత మీదికి వెళ్లింది.

ఈల మోగింది. సైకిళ్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. అల్తాఫ్ ఆ దుమ్ములోకి చూస్తూ నిలబడ్డాడు.

"దొరికిన వస్తువును దాచేదానికి అన్నిటికంటే భద్రమైన చోటు డిటెక్టివ్ నెత్తి," అన్నాడు. "కావాలనే నీకు చెప్పలా మే. ముఖంలో తెలిసిపోతాదని."

"ఊఁ," అంది షబీనా.

దెబోరా రెండోదిగా వచ్చింది. ఇద్దరిలో ఒకతి. సైకిలు దిగి, హెల్మెట్ తియ్యకుండానే షబీనాను వాటేసుకుంది. ఆ అంచు నుదుటికి తగిలి షబీనాకు బొప్పి కట్టింది. అయినా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

*

తిరుగు ప్రయాణంలో అల్తాఫ్ కూల్‌డ్రింకు అంగట్లోంచి తన కంపెనీ హెల్మెట్లు మూడూ తెచ్చుకున్నాడు. ఒకటి నెత్తిన, రెండు చేతికి. మూడూ స్టాండుకే తీసుకుపోతానన్నాడు. ఓబులమ్మ అంగడి ముందు జనం మూగి ఉంటే బండి ఆపాడు.

మధ్యలో సీటు కవర్లు కుట్టే గఫూర్ చేతులు ఊపుతూ కేకలు వేస్తున్నాడు. "నిన్న బొక్కల టోపీ పెట్టుకుంటే పోలీసాయన నవ్వినాడవ్వా! అందుకని నా సొంత రెగ్జిన్ తెచ్చి, ఈడనే కూసోని కత్తిరించి, నల్లగా తొడుగు కుట్టి తగిలించినా. ఊరందరికీ పనికొస్తాదని! ఇప్పుడు యాడికి పోయింది?"

"పొద్దున్నుంచి ఎంతమందికిచ్చినానో, దాన్ని ఎవురికిచ్చినానో గుర్తు లేదు. పెట్టుకోని పోయిన మనిషి ఆళ్లగడ్డలో దించలేదంట. కూల్‌డ్రింకాయన ఫోను చేసినాడు," అంది ఓబులమ్మ. గరిటె పక్కన పెట్టేసింది. అంత పని ఎప్పుడూ చెయ్యదు. "ఇన్నేండ్లలో మేకుకు తిరిగి రాకుండా పోయింది ఇదొక్కటే. నా అంగట్లోకి దొంగ వచ్చినాడప్పా!"

షబీనా వెనక నుంచి అల్తాఫ్ చొక్కా గట్టిగా లాగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎవురూ భయపడాకండి," అంటూ అల్తాఫ్ బండి దిగి జనంలోకి నడిచాడు. గడ్డం లేచింది. "ఆ దొంగ ఎవడైనా సరే, యాడున్నా సరే, పట్టుకోని మీ ముందర నిలబెడతా. ఈ కేసు నేను తీసుకుంటాండా!"