నలభై ఎనిమిది అక్షరాల తాళం

తాళమంటే ఎలా ఉండాలండీ? దొంగ తియ్యలేకపోతే చాలా? అబ్బే, అది పాతకాలపు మాట! ఇంటాయన కూడా తియ్యలేకపోవాలి. అప్పుడే దాన్ని తాళం అనాలి. అలాంటి తాళం ప్రస్తుతం ఈ భూప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంది. అది అమెరికాలో లేదు, జపాన్‌లో లేదు. మన రాజమండ్రిలో, దానవాయిపేటలో, ఒక రిటైరైన లెక్కల మాస్టారి కంప్యూటర్లో ఉంది.

ఆ మాస్టారెవరో చెప్పకూడదు. భద్రతా కారణాలు! ఈ కాలమ్ రాసేవాడూ ఆ మాస్టారూ ఒకే కళ్ళజోడు ఎందుకు వాడతారని మీరు అడక్కండి, నేను చెప్పను. ఆయన్ని సూర్యప్రకాశం గారు అందాం. 'ఆయన' అనే రాస్తాను. అంత గొప్పవారి గురించి రాసేటప్పుడు ఆ మాత్రం ఎడం పాటించాలి కదా!

కథ మొన్నటి పుష్కరాలకి ముందు ఏడాది మొదలైంది. ఒకరోజు పొద్దున్న మాస్టారు పెసరట్టు తింటూ పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త కనిపించింది. విదేశాల్లో శాస్త్రవేత్తలు క్వాంటం కంప్యూటర్ అనేదొకటి తయారుచేశారట. అది లెక్క కూడా చేసిందట. ఏం లెక్క? పదిహేనుని విడగొట్టి మూడూ అయిదూ అని చెప్పిందట!

"మూడైదులు పదిహేనేగా? దానికంత యంత్రం ఎందుకండీ?" అన్నారు వాళ్ళావిడ ఉమాశ్రీ గారు, రెండో అట్టు వేస్తూ.

మాస్టారు ఆవిడ వంక జాలిగా చూశారు. ముప్ఫై నాలుగేళ్ళు ఎక్కాలు చెప్పిన మనిషి ఆయన. రెండు పెద్ద పెద్ద సంఖ్యలిచ్చి గుణించమంటే ఎవరైనా గుణిస్తారు. గుణించగా వచ్చినదాన్ని చేతికిచ్చి, ఆ రెండు సంఖ్యలూ ఏమిటో చెప్పమంటే మాత్రం మామూలు కంప్యూటర్లకి యుగాలు పడుతుంది. లోకంలో చాలా కంప్యూటర్ తాళాలు ఆ ధైర్యం మీదే వేలాడుతున్నాయి. ఇవాళ పదిహేనుని విడగొట్టింది రేపు మూడువందల అంకెలున్నదాన్ని విడగొట్టదని ఏమిటి నమ్మకం?

అంతటితో పోలేదు. దొంగలు తాళం వేసిన ఫైళ్ళని ఇప్పుడే ఎత్తుకెళ్ళి అటక మీద పెట్టుకుంటారట. ఇరవై ఏళ్ళకో ముప్ఫై ఏళ్ళకో ఆ యంత్రం వచ్చాక తాపీగా తీసి చదువుకుంటారట! అది చదివాక మాస్టారికి రెండో పెసరట్టు దిగలేదు.

ఆ రోజుల్లో మన ఊళ్ళో భద్రత ఎలా ఉండేదో మీకు తెలియంది కాదు. విజయ్ పాల్ అనే కుర్రాయన నడిపే నెట్ సెంటర్‌కి వెళ్ళి మాస్టారు కూర్చోగానే, అతను ఎంతో మర్యాదగా, "పాస్‌వర్డ్ చెప్పండి మాస్టారండీ, నేను కొట్టేస్తాను" అనేవాడు. అంత మర్యాదగా అడిగినవాణ్ణి నీకెందుకయ్యా అనడం గోదావరి జిల్లాల్లో కుదిరే పనేనా? మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కొక్క అక్షరమే చెప్పేవారు. ఒకసారి తడబడితే పక్క సిస్టమ్ దగ్గర కూర్చున్నావిడ, "చివర ఒకటి కూడా ఉండాలండీ, మొన్న చెప్పారుగా" అని అందించింది.

ఊళ్ళో సగం మంది పాస్‌వర్డ్ సత్యదేవ. అన్నవరం కొండ అంత దగ్గర పెట్టుకుని వేరే పేరు ఎవరికి తోస్తుంది? "మా చర్చిలో సగం మందిది హల్లెలూయా అండి," అని విజయ్ పాల్ తన వంతు లెక్క కూడా చెప్పాడు. ఇక మిగిలింది పిల్లల పేర్లూ, పుట్టిన సంవత్సరాలూ. ఈ ఊరికి క్వాంటం కంప్యూటర్ దండగ. ఒక పలకా బలపం చాలు!

ఇంతకీ మాస్టారి దగ్గర దొంగలు ఎత్తుకుపోయేదేముంది? అడగండి, అడగవలసిన ప్రశ్నే.

ఆయన దగ్గర వాళ్ళ అక్కయ్య పాటలున్నాయి.

అక్కగారి పేరు సీతారామలక్ష్మి. వంతెనకి అవతల, కొవ్వూరులో ఉంటారు. గోదావరికి అటూ ఇటూ తెలిసినవాళ్ళింట్లో పెళ్ళంటే, భోజనాల బంతిలో మగపెళ్ళివారిని ఆటపట్టించే పాటలు ఆవిడే పాడాలి. వియ్యంకుడి పొట్ట మీద ఒక పాట. పెళ్ళికొడుకు మేనత్త నడక మీద ఒకటి. కాఫీలో పంచదార చాలలేదని అలిగిన బావగారి మీద ఇంకొకటి. అవి ఆవిడకి అత్తగారు నేర్పినవి, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు నేర్పినవి. కాగితం మీద ఎక్కడా లేవు. మాస్టారు రిటైరయ్యాక ఏడాది పాటు ప్రతి ఆదివారం బస్సెక్కి కొవ్వూరు వెళ్ళి, ఆవిడ చెబుతుంటే నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. నూట పన్నెండు పాటలు! తరవాత ఒక పాత కంప్యూటర్ కొని, రెండు వేళ్ళతో పొడిచి పొడిచి అన్నీ ఎక్కించారు.

జీవితంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ నేనీ కాలమ్ రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఆగుతారా! విజయ్ పాల్ చేత నెట్‌లోంచి ఒక తాళం ప్రోగ్రాం దింపించారు. చాలా గట్టిదట. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలుంటే ఇప్పటికి చాలునట. క్వాంటం కంప్యూటర్ వస్తే ఇలాంటి తాళం బలం సగానికి పడిపోతుంది కాబట్టి, పొడవు రెట్టింపు చేసుకుంటే సరిపోతుందట. అంటే ఇరవై నాలుగు. మాస్టారు ఎందుకైనా మంచిదని దాన్ని మళ్ళీ రెట్టించారు. నలభై ఎనిమిది!

అందులో దేవుడి పేరు ఉండకూడదు, మనిషి పేరు ఉండకూడదు, అర్థం అసలే ఉండకూడదు. కళ్ళు మూసుకుని పంచాంగంలో ఎక్కడ వేలు పడితే ఆ అక్షరం. ఇది చాలదన్నట్టు ప్రతి పౌర్ణమికీ మార్చాలి. పౌర్ణమి ఎందుకంటే ఆ రోజు ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంటుంది, మరిచిపోయే ప్రమాదం ఉండదు. రాసుకోకూడదు కనక బుర్రలోనే ఉంచుకోవాలి. పొద్దున్నే స్నానాల గదిలోంచి ఆయన నలభై ఎనిమిది అక్షరాలూ వల్లించడం విని, ఇదేదో కొత్త స్తోత్రం అనుకుని పనిమనిషి లోవమ్మ బయటినుంచే దణ్ణం పెట్టుకునేది.

ఈ ఘనకార్యం చెప్పడానికి మాస్టారు కొవ్వూరు వెళ్ళారు. అక్కయ్య కత్తిపీట ముందేసుకుని కంద చెక్కుతున్నారు. అంతా విని, "ఎవడెత్తుకుపోతాడ్రా సూరీ ఈ పాటల్ని?" అన్నారు.

"ఇప్పుడు కాదక్కయ్యా. ఇరవై ఏళ్ళ తరవాత!"

"ఎత్తుకుపోయి ఏం చేస్తాడు?"

మాస్టారు ఆలోచించారు. దొంగ ఏం చేస్తాడన్నది పేపర్లో రాయలేదు. "ఏం చేస్తాడూ... పాడుకుంటాడు," అన్నారు చివరికి.

"పాడుకోనీరా! పాడేవాళ్ళు లేకే కదూ నీచేత రాయించాను? పోనీ మన శ్రీసుధకో నాలుగు నేర్పనా? రేపో మాపో దానికీ పెళ్ళవుతుంది."

శ్రీసుధ ఆవిడ మనవరాలు. "దానికెందుకక్కయ్యా శ్రమ? అన్నీ భద్రంగా ఉన్నాయి," అన్నారు మాస్టారు. పాపం, అక్కయ్యకి చదువు లేదు, క్వాంటం సంగతి ఆవిడకేం తెలుస్తుందని నవ్వుకున్నారు కూడా.

ఇంటికొచ్చాక ఇంకో ప్రమాదం తట్టింది. నోటుపుస్తకాలు! కంప్యూటర్‌కి అంత తాళం వేసి, అవే పాటలు బీరువా మీద బాహాటంగా పెట్టుకుంటే ఏం లాభం? మర్నాడు ఆరు పుస్తకాలూ చింపి పెరట్లో నీళ్ళపొయ్యిలో వేశారు. "నీళ్ళివాళ బాగా కాగాయండీ, స్నానానికి రండి," అన్నారు ఉమాశ్రీ గారు, ఏం కాలిందో తెలియక.

పదకొండు పౌర్ణములు నిర్విఘ్నంగా గడిచాయి. పన్నెండో పౌర్ణమికి పాస్‌వర్డ్ మార్చారు. నాలుగోరోజున టైఫాయిడ్ వచ్చింది.

మూడు వారాలు మంచం మీద ఉండి, లేచి, కంప్యూటర్ ముందు కూర్చుని, మీట మీద వేలు పెట్టారు. పెట్టిన వేలు పెట్టినట్టే ఉంది. ఏమీ రాదే! పాత పదకొండూ వరసగా వస్తున్నాయి, వద్దన్నా వస్తున్నాయి. ఎస్సెల్సీ హాల్ టికెట్ నంబరు వస్తోంది. ఎప్పుడో చచ్చిపోయిన ఇన్‌స్పెక్టరు గారి ఇంటిపేరు వస్తోంది. ఆ పన్నెండోది మాత్రం టైఫాయిడ్ తినేసింది.

మీరైతే ఏం చేసేవారు? ఏడ్చేవారు. మాస్టారు పొంగిపోయారు! ఎందుకు పొంగరండీ? తాళం పరీక్షకి నిలబడింది. లోపలున్నవేమిటో తెలిసినవాడు, తాళం వేసినవాడు, సాక్షాత్తూ ఆయనే వారం రోజులు కూర్చుని మూడువందల సార్లు కొట్టినా తెరుచుకోలేదు. ఇంక దొంగల తరమా?

ఎనిమిదోరోజున విజయ్ పాల్‌ని పిలిపించారు. అతను కాసేపు చూసి, "సత్యదేవ కొట్టి చూశారాండీ?" అని అడిగాడు.

ఇలా ఉండగా శ్రీసుధకి సంబంధం కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. సరిగ్గా నెల ముందు అక్కయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది.

మాస్టారు పరుగెత్తుకుని వెళ్ళారు. ఆవిడ ఎడమచెయ్యెత్తి, గాలిలో రాస్తున్నట్టు చూపించారు. తరవాత శ్రీసుధ వైపు చూపించారు. తరవాత తన నోటి మీద వేలు పెట్టుకుని, కాదన్నట్టు ఊపి, గదిలో ఉన్న ఆడపిల్లలందరినీ చూపించారు. నేను పాడలేను, నువ్వు రాసుకున్నవి వీళ్ళకియ్యి, పెళ్ళిలో వీళ్ళు పాడతారు అని. అంత తేటగా ఉంది.

"అలాగే అక్కయ్యా. అన్నీ భద్రంగా ఉన్నాయి," అన్నారు మాస్టారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి!

తిరిగొచ్చి తిన్నగా నెట్ సెంటర్‌కి వెళ్ళారు. ఆయనకి మహత్తరమైన ఆలోచన వచ్చింది. దొంగలు చేసేపనే మనం చేస్తే? ఫైలుని ఫ్లాపీలో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకుంటే, ఆ క్వాంటం కంప్యూటరేదో వచ్చాక దాని చేతే తీయించుకోవచ్చు! ఇన్నాళ్ళూ ఏ యంత్రం పేరు చెబితే ముద్ద దిగలేదో, ఆ యంత్రం త్వరగా రావాలని అన్నవరంలో వ్రతం కూడా మొక్కుకున్నారు. పెళ్ళి నాటికి ఎలాగూ రాదు. ఎప్పుడో అప్పుడు వస్తే చాలు.

విజయ్ పాల్ అంతా శ్రద్ధగా విన్నాడు. "ఆయ్, బాగానే ఉందండి. కానీ మాస్టారండీ... అది కూడా తియ్యలేకుండా ఉండాలనే కదండీ మీరు నలభై ఎనిమిది పెట్టారు?"

మాస్టారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"మీ లెక్కెక్కడైనా తప్పిందేమో చూడండి," అన్నాడు అతనే, ఆశగా.

మాస్టారు కాగితం తీసి అక్కడే లెక్క వేశారు. రెండుసార్లు వేశారు. తప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నడూ తప్పలేదు, ఇప్పుడెందుకు తప్పుతుంది?

పెళ్ళి కొవ్వూరులోనే జరిగింది. మగపెళ్ళివారు ఇటునుంచే, రాజమండ్రి నుంచి వంతెన దాటి వచ్చారు. బంతిలో విస్తళ్ళు వేశారు. క్యాసెట్ ప్లేయర్లో సినిమా పాటలు మోగుతున్నాయి. ఇంతలో ఒక పెద్దావిడ లేచి దాన్ని కట్టేసి, "సూర్యప్రకాశం గారూ, మీ అక్కగారి పాటలన్నీ మీ దగ్గరే ఉన్నాయటగా, ఒక్కటైనా చెప్పండి మరి," అంది. అందరూ ఆయన వంక చూశారు. పక్కగది తలుపు తీసి ఉంది. లోపల మంచం మీద అక్కయ్య ఉన్నారు.

మాస్టారు లేచారు. ఏడాదిపాటు ఎదురుగా కూర్చుని విన్న మనిషి కదా, ఆ మాత్రం గుర్తుండదా?

"వంతెన దాటి వచ్చావు వదినా, వంకాయ కూరకి వంక పెట్టావు..."

బంతిలో నవ్వులు మొదలయ్యాయి. పక్కగదిలోంచి మంచం పట్టె మీద ఎడమచేత్తో తాళం వినిపించింది. తరవాతి చరణం కోసం మాస్టారు వెతుక్కున్నారు. లేదు. ఇంకో పాట వెతుక్కున్నారు. అదీ లేదు. కంప్యూటర్లో ఉన్నాయి కదా అని ఆయన ఒక్కటీ బుర్రలో పెట్టుకోలేదు. బుర్రనిండా పదకొండు పౌర్ణముల పాస్‌వర్డ్‌లు ఉన్నాయి.

మంచం పట్టె మీద చెయ్యి ఇంకాసేపు తాళం వేస్తూ ఎదురుచూసింది. తరవాత ఆగిపోయింది.

అదండీ సంగతి. తాళం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. ఇంకో వందేళ్ళు ఎవరూ దాన్ని తియ్యలేరు. కావాలంటే లెక్క చూపిస్తాను.

ఇక భద్రతా కారణాలు పక్కనపెట్టి ఒక్క మాట చెప్పుకుంటాను. మా అక్కయ్య ఇంకా ఉంది. మాట లేదు గానీ, చెవులు బాగానే వినిపిస్తాయి. మీలో ఎవరైనా ఎప్పుడైనా గోదావరికి అటో ఇటో ఒక పెళ్ళి బంతిలో కూర్చుని, ఆవిడ పాట ఒక్కటి చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోయి ఉంటే, మహానుభావా, నేను నీమీద కేసు పెట్టను. నీ పేరు కూడా అడగను. ఆ వంకాయ కూర తరవాత చరణమైనా సరే, కొవ్వూరు వచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చుని ఒక్కసారి పాడి వెళ్ళు. తలుపు తీసే ఉంటుంది.